ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వెళ్ళు

చి॥ లావణ్యకు అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సోమవారం నుంచి ఎనిమిదో తరగతికి ఛందస్సు మొదలుపెడుతున్నావట. పిల్లలచేత సొంతంగా పద్యాలు రాయిస్తానని పంతం కూడా పట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా తర్వాత మనింట్లో ఇంకొకరు సుద్దముక్క పట్టారని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గురులఘువులు, అదే ఊది పలికే అక్షరం గురువు, తేలిగ్గా పలికేది లఘువు అని, నువ్వే చెప్పుకోగలవు. ఆ గురులఘువుల గుంపులైన గణాలు గుర్తుండడానికి ‘యమాతారాజభానసలగం’ గోడమీద రాయించు. ఉత్పలమాల, చంపకమాల జోలికి అప్పుడే పోకు. ‘కందం రాసినవాడే కవి’ అన్నారని కందంతో పిల్లల ప్రాణం తీయకు. ఆటవెలది పట్టుకో. పాదాలన్నిటా రెండో అక్షరం కలవాలనే ప్రాస బెడద లేదు. రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి సూర్యగణాలు, అంటే మూడు లఘువుల నగణమో, గురువు వెనక లఘువుండే హగణమో, అంతే. ముందు అవే రాయించు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల వెనక వచ్చే రెండు ఇంద్రగణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక నిద్ర పట్టనివ్వని విషయం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు చెరువు మీద ఆటవెలది రాయమన్నాను. వెనక బెంచీ పిల్లాడొకడు, వాళ్ళ తాత వీధి భాగోతాల్లో వేషం కట్టేవాడులే, రెండో పాదం ఇలా రాసుకొచ్చాడు: “ఊరి ప్రజల బాధ లూడ్చు చెరువు”. ‘ప్ర’ సంయుక్తం కదా, దాని ముందున్న ‘రి’ గురువైపోయిందని, గణభంగమని ఎర్రసిరాతో కొట్టేశాను. “పాడితే సరిగ్గానే వస్తోంది టీచర్” అన్నాడు. “పాడితే కాదురా, లెక్కేస్తే రావాలి” అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వాడిదే ఒప్పు. ‘ఊరి’ వేరే మాట, ‘ప్రజలు’ వేరే మాట. ఊది పలకం గనక ‘రి’ లఘువే. ‘వనప్రాంతం’ లాంటి సమాసమైతేనే ‘న’ గురువవుతుంది. పైగా ‘బాధలు ఊడ్చు’ సంధిలో ‘ఊ’ దాచి, పాదం మొదటి ‘ఊ’కి నాలుగో గణం మొదట్లో యతి, అంటే జత అక్షరం, కుదిర్చాడు. వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క’లో ‘ఉ’కి జతగా ‘నొ’లో ‘ఒ’ దాగినట్టే. ఆ సూత్రం నేను వాడికి చెప్పనే లేదే! తాత పక్కన కూర్చుని విన్న చెవి అది. నాకు తట్టేసరికి దసరా సెలవులొచ్చాయి. తెరిచాక చెబుదామనుకున్నాను. టీచరునై ఉండి తప్పొప్పుకోవడమా అని రేపుమాపంటూ రెండేళ్ళు గడిపాను. వాడు మళ్ళీ పద్యం రాయలేదు.

అందుకే తల్లీ, మొదటి వారం బోర్డు మీద గీతలొద్దు. పద్యం రాగం తీసి చదువు, చప్పట్లు కొట్టించు. నీ గొంతు బాగోదని చిన్నప్పుడు నేనే వెక్కిరించాను కదూ, అది ఉత్తిదే. ఏ పిల్లాడైనా “పాడితే వస్తోంది” అంటే, వాడిచేత నాలుగుసార్లు పాడించుకున్నాకే గుర్తులు పెట్టు.

బండి మీద వెళ్ళేటప్పుడు చెవులకు గుడ్డ చుట్టుకో, పొద్దున్నే చలిగాలి. ఆదివారం ఫోన్ చెయ్యి. కుదరలేదనిపించిన పద్యాలేమైనా ఉంటే కొట్టేయకుండా ముందు నాకు చదివి వినిపించు.

మీ అత్తయ్య