పాత యుద్ధాల చరిత్రకు ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పూర్తి చేసింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ రక్షణ వ్యూహం, దౌత్యం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అదేదో లండన్‌లో జియోపాలిటిక్స్ చదివితే పేరైనా ఉంటుంది, లోన్ తీస్తానన్నాను. ఇక్కడి ఎంఏ హిస్టరీ మేలా, అది మేలా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: సార్, మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, మీ టెన్షన్ అంతా 'హిస్టరీ అంటే నలుగురిలో ఏం చెప్పుకోను' అనే. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు.

ఆ సబ్జెక్టేంటో అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉంటే, 1942 ఏప్రిల్ 6న మీ కాకినాడ మీద, విశాఖ మీద జపాన్ బాంబులెందుకు పడ్డాయో తనే చెప్పేది. పదేళ్లదాకా పెద్ద యుద్ధం రాదనుకుని ఖర్చులు వేసుకోండని 1919లో బ్రిటన్ కేబినెట్ తన సైన్యానికి చెప్పింది, 1932 దాకా ఆ లెక్క వదల్లేదు. ఈలోగా 1902 నుంచి మిత్రుడిగా ఉన్న జపాన్‌తో పొత్తు వదులుకుని, తూర్పును కాయడానికి సింగపూర్‌లో నౌకా స్థావరం కడతామంది, అది తెరిచేసరికి 1938 వచ్చింది. తీరా అక్కడికి పంపడానికి చాలినన్ని నౌకలు లేవు, ఎందుకంటే ఇటు జర్మనీ, అటు ఇటలీ. ముగ్గురితో ఒకేసారి తలపడలేం, దౌత్యంతో శత్రువులను తగ్గించండి మహాప్రభో అని సైన్యాధిపతులు 1937లోనే మొత్తుకున్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, ఏడు వారాలకు విమానాలు మన తీరం మీదున్నాయి. చాలీచాలని డబ్బుతో ఏది కాపాడాలి, దేన్ని వదులుకోవాలి అని తేల్చుకునే చదువిది, పనికిరాదని ఎలా అనుకున్నారో నాకర్థం కాలేదు.

ఇక జియోపాలిటిక్స్. ఈ మాట ఇప్పుడు ఫ్యాషన్. నాకు మాత్రం అనుమానాలున్నాయి, నేనే ఇద్దరు ముగ్గురిని ఏడాది మాస్టర్స్‌కి పంపి, తర్వాత వాళ్ల ఈఎంఐల గోడు విన్నాను. అక్కడ కుదురుకునేలోపే సగం ఏడాది అయిపోతుంది, లోతుగా చదివేదెప్పుడు? అప్పటి బ్రిటన్ కేబినెట్ కాగితాలు చాలావరకు ఇప్పుడు ఇంట్లో కూర్చుని నెట్‌లోనే చూడొచ్చు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో భారత ప్రభుత్వ ఫైళ్లూ ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ, ఆపైన పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు. లెక్చరర్ పోస్టులు నత్తనడకే, దాచను. కానీ సివిల్స్ మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర ఉంది, జర్నలిజం ఉంది, దారులు మూసుకుపోలేదు.

లండన్‌కి పీహెచ్‌డీ వేళ స్కాలర్‌షిప్ మీద వెళ్లనివ్వండి. ఇంతకీ లోన్ కాగితాల మీద సంతకం పెట్టలేదు కదా?