టెక్ సందేహాలు: మీరు ఆడే ఓపెన్ సోర్స్ గేమ్‌కు మీరూ ఓ చేయి వేయాలంటే

ఓపెన్ సోర్స్ గేమ్‌లు, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగేవి, ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు. వాటిలో తప్పు కనిపిస్తే సరిచేసి పంపొచ్చని తెలిసినా, గిట్ అనే మాట దగ్గరే ఆగిపోతున్నారు. ఈసారి ఆ సందేహాలకే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’ ఆడుతుంటాను. ఒక క్యాంపెయిన్ డైలాగులో అక్షరదోషం కనిపించింది. సరిచేసి పంపాలని ఉంది. కానీ నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈ పనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. 2003లో మొదలైన ఈ గేమ్ ఇంజిన్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది గానీ, క్యాంపెయిన్లను డబ్ల్యూఎంఎల్ అనే తన సొంత మార్కప్ భాషలో రాస్తారు. అవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఏ ఎడిటర్‌లోనైనా తెరవొచ్చు, డైలాగును వెతికి పట్టుకోవచ్చు.

ఇక గిట్. ఏ ఫైల్లో ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇది. లినక్స్ కెర్నెల్ పని కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాశారు. ఒకరికొకరు పరిచయం లేని వాళ్లు ఒకే కోడ్ మీద పనిచేసినా గందరగోళం కాకూడదన్నదే దాని ఉద్దేశం. అసలు ప్రాజెక్టులో నేరుగా మార్చే అధికారం మీకు ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. గిట్ ప్రాజెక్టులు ఉండే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ‘ఫోర్క్’ నొక్కితే ప్రాజెక్టు నకలు ఒకటి మీ ఖాతాలోకి వస్తుంది. దాన్ని ‘క్లోన్’ చేసి మీ కంప్యూటర్లోకి దించుకోండి. తర్వాత ‘గిట్ స్విచ్ మైనస్ సీ’ అని కొట్టి, పక్కన ఒక పేరు ఇచ్చి కొత్త బ్రాంచ్ (మీ మార్పుల కోసం వేరే పాయ) తెరవండి. మాస్టర్ అనే ప్రధాన బ్రాంచ్‌లోనే మార్పులు చేయడం కొత్తవాళ్లకు అలవాటు. దయచేసి అలా చేయకండి. రేపు ఇంకో తప్పు సరిచేయాలనుకున్నప్పుడు రెండు మార్పులూ కలగాపులగం అవుతాయి.

దీనికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మీరు ఆడుతున్నది విడుదలైన వెర్షన్. ఆ తప్పును మాస్టర్ బ్రాంచ్‌లో ఇప్పటికే ఎవరైనా సరిచేసి ఉండొచ్చు. అక్కడి ఫైలు తెరిచి చూడండి, ఇష్యూల్లోనూ (తప్పులు నమోదు చేసే జాబితాలో) వెతకండి. డైలాగు మార్పులను మామూలుగా మాస్టర్‌కే పంపాలి. మూలంలో ఒక్క అక్షరం మారినా అన్ని భాషల అనువాదాల్లోనూ ఆ వాక్యాన్ని అనువాదకులు మళ్లీ సరిచూడాల్సి వస్తుంది. అందుకే విడుదలైన వెర్షన్ల జోలికి వెళ్లరు.

లైను మార్చాక ‘గిట్ డిఫ్’ కొట్టి, మీరు మార్చిందే మారిందా అని చూడండి. ఇది తప్పనిసరి. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు ఫైలు మొత్తంలో స్పేస్‌లనో, లైన్ల చివరి గుర్తులనో మార్చేస్తాయి. మీరు సరిచేసింది ఒక్క అక్షరమే అయినా, రివ్యూ చేసేవాళ్లకు వందల లైన్లు ఎర్రగా, పచ్చగా కనిపిస్తాయి. వాళ్లు జీతానికి కాదు, ఇష్టంతో తీరిక చేసుకుని చూస్తున్నవాళ్లు. ఒక్క చూపులో అర్థమయ్యేలా పంపితే మీ మార్పు త్వరగా లోపలికి వెళ్తుంది. కమిట్ (మార్పును గిట్‌లో నమోదు చేయడం) సందేశంలో కూడా ‘ఫైలు మార్చాను’ అని కాకుండా, ఏ క్యాంపెయిన్‌లో, ఏ సన్నివేశంలో, ఏ తప్పు సరిచేశారో రాయండి. తర్వాత ‘పుష్’ చేసి, అంటే గిట్‌హబ్‌లోని మీ నకలుకు పంపి, అక్కడ ‘పుల్ రిక్వెస్ట్’ (మీ మార్పును అసలు ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థన) తెరిస్తే సరి. మార్చమని ఏమైనా అడిగితే అదే బ్రాంచ్‌లో మార్చి మళ్లీ పుష్ చేయండి, కొత్త రిక్వెస్ట్ అక్కర్లేదు.

ప్రశ్న: పుష్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది. సరైనదే ఇస్తున్నా ఒప్పుకోవడం లేదు.

జవాబు: గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్‌ను తీసుకోవడం గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి ఆపేసింది. సెట్టింగ్స్‌లో పర్సనల్ యాక్సెస్ టోకెన్ తయారుచేసుకుని పాస్‌వర్డ్ అడిగిన చోట దాన్ని ఇవ్వండి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు మీ కంప్యూటర్‌ను గుర్తుపట్టించే ఫైలు) పెట్టుకోండి. తరచూ పంపేవాళ్లకు ఎస్ఎస్‌హెచ్ కీనే సుఖం.

ప్రశ్న: నా పుల్ రిక్వెస్ట్ కొన్ని వారాలుగా పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు కాన్‌ఫ్లిక్ట్ అని చూపిస్తోంది. రీబేస్ చేయమన్నారు. చేయబోతే మధ్యలో ఇరుక్కుపోయాను. చేసిన పనంతా పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాన్‌ఫ్లిక్ట్ అంటే ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం, రీబేస్ అంటే మీ మార్పులను ప్రాజెక్టు తాజా రూపం మీద మళ్లీ పేర్చడం. ముందు ‘గిట్ రీబేస్ అబార్ట్’ కొట్టండి. అబార్ట్‌కు ముందు రెండు హైఫన్లు ఉండాలి. రీబేస్ మొదలుపెట్టక ముందు బ్రాంచ్ ఎలా ఉందో అలాగే తిరిగి వస్తుంది. ఒకవేళ రీబేస్ పూర్తయిపోయి, ఆ తర్వాత కమిట్లు కనబడకపోతే ‘గిట్ రీఫ్లాగ్’ చూడండి. బ్రాంచ్ కొన ఎప్పుడెప్పుడు ఎక్కడుందో అందులో వరసగా ఉంటుంది. పాత కమిట్ నంబరు పట్టుకుని, దాని మీద కొత్త బ్రాంచ్ తెరిస్తే పని మళ్లీ మీ ముందు ఉంటుంది. ఏ బ్రాంచ్‌కూ అందకుండా పోయిన కమిట్ల జాడను గిట్ మామూలుగా 30 రోజుల పాటు రీఫ్లాగ్‌లో ఉంచుతుంది. కమిట్ చేయని మార్పులకు మాత్రం ఈ భరోసా లేదు. అందుకే రీబేస్‌కు ముందు ఉన్నదంతా కమిట్ చేసేయండి.

ఇప్పుడు నిదానంగా మళ్లీ మొదలుపెడదాం. అసలు ప్రాజెక్టును ‘అప్‌స్ట్రీమ్’ పేరుతో రిమోట్‌గా (మీ గిట్‌కు తెలిసిన బయటి చిరునామాగా) చేర్చుకోండి. ‘గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్’తో తాజా మార్పులు తెచ్చుకుని, మీ బ్రాంచ్‌ను దాని మీదకు రీబేస్ చేయండి. మీరూ, ఇంకొకరూ ఒకే చోట మార్చి ఉంటే గిట్ అక్కడ ఆగి, రెండు రూపాలనూ బాణం గుర్తుల మధ్య ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే: రీబేస్‌లో పైన ఉండేది ప్రాజెక్టుది, కింద ఉండేది మీది. మెర్జ్‌లో (రెండు బ్రాంచ్‌లను కలపడంలో) దీనికి తలకిందులు. కంగారులో పైది నాదే అనుకుని కిందది తుడిచేస్తే సొంత పనినే తీసేసినట్టవుతుంది. రెండూ చదివి, చివరికి ఫైలు ఎలా ఉండాలో అలా రాసి, గుర్తులు తీసేసి, ‘గిట్ యాడ్’ చేసి, ‘రీబేస్ కంటిన్యూ’ చేయండి. గేమ్‌ను ఒకసారి నడిపి చూడండి. గుర్తులు పోయినంత మాత్రాన కోడ్ పనిచేస్తుందని కాదు.

కమిట్ల చరిత్ర మారింది కాబట్టి మామూలు పుష్ పనిచేయదు. ‘ఫోర్స్ విత్ లీజ్’ ఆప్షన్ వాడండి. మీకు తెలియకుండా ఆ బ్రాంచ్‌లోకి ఇంకెవరైనా ఏదైనా పంపి ఉంటే అది ఆగిపోతుంది. ఒట్టి ‘ఫోర్స్’ అయితే దాన్ని తుడిచేస్తుంది. అన్ని ప్రాజెక్టులూ రీబేస్ కోరవు. గోడాట్ అనే గేమ్ ఇంజిన్ మెర్జ్ కమిట్లు వద్దంటుంది, కొన్ని పట్టించుకోవు. కంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ఉంటే ముందు అది చదవండి.

ప్రశ్న: నేను బ్లెండర్‌లో త్రీడీ మోడల్స్ చేస్తాను. ‘సూపర్ టక్స్ కార్ట్’కు పంపాలని చూస్తే ఆర్ట్ ఫైళ్లు గిట్‌లో కనబడలేదు. ఎందుకు?

జవాబు: ఆ గేమ్ కోడ్ గిట్‌లో ఉంటుంది, ట్రాకులూ కార్టుల్లాంటి ఆర్ట్ అంతా సబ్‌వర్షన్ అనే, గిట్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వేరే ఉంటుంది. కారణం ఉంది. గిట్ టెక్స్ట్‌ను లైన్ల వారీగా కలపగలదు. బ్లెండర్ ఫైలు, చిత్రం, శబ్దం వంటివి బైనరీ, అంటే లైన్లుగా చదవలేనివి. ఇద్దరు మారిస్తే ఒకరిది ఉంచి ఒకరిది వదిలేయాల్సిందే. పైగా గిట్‌లో క్లోన్ చేస్తే మామూలుగా పాత వెర్షన్లన్నీ దిగుతాయి. పెద్ద టెక్స్చర్‌ను పదిసార్లు మారిస్తే పది కాపీలూ అందరి డిస్కులోకీ వస్తాయి. సబ్‌వర్షన్‌లో తాజాది మాత్రమే దిగుతుంది. ఇంకో దారి గిట్ ఎల్ఎఫ్ఎస్. పెద్ద ఫైలు వేరేచోట ఉండి, గిట్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. ‘వెలోరెన్’ గేమ్ ఇదే వాడుతోంది. అలాంటి ప్రాజెక్టును క్లోన్ చేసే ముందు ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్ చేసుకోండి. లేకపోతే చిత్రాల బదులు చిన్న టెక్స్ట్ ఫైళ్లు వస్తాయి, గేమ్ నడవదు. ఏదో ఒక మోడల్ మీద పని మొదలుపెట్టే ముందు ‘ఇది నేను చేస్తున్నాను’ అని ఇష్యూలో చెప్పండి. బైనరీ ఫైళ్ల విషయంలో కాన్‌ఫ్లిక్ట్‌కు తేలికైన మందు అదే.

లైసెన్సు గురించి గట్టిగా చెప్పాలి. వెబ్‌లో ఉచితంగా దొరికిన టెక్స్చరో, శబ్దమో మీ మోడల్‌లో వాడితే, దాన్ని ఇతరులు మార్చి పంచుకునే హక్కు లైసెన్సులో ఉందో లేదో చూసుకోవాలి. ‘వాణిజ్యేతర వాడకానికి మాత్రమే’ అని ఉంటే ఇలాంటి ప్రాజెక్టులకు పనికిరాదు. ఎక్కడి నుంచి తెచ్చారో కమిట్ సందేశంలోనే రాయండి. ఒకసారి లోపలికి వెళ్లిన ఫైలు గిట్ చరిత్రలో ఉండిపోతుంది. తర్వాత తీసేయడం అందరికీ పెద్ద పని.

ప్రశ్న: నాకు కోడ్ రాయడం రాదు, బొమ్మలు గీయడం రాదు. సోర్స్ నుంచి గేమ్‌ను బిల్డ్ చేసుకోగలను, అంతే. పాత వెర్షన్‌లో సరిగా తెరుచుకున్న సేవ్ ఫైలు కొత్తదాంట్లో క్రాష్ అవుతోంది. నేనేమైనా సాయం చేయగలనా?

జవాబు: చేయగలరు. నా దృష్టిలో ఈ ఉత్తరాలన్నిటిలోకీ విలువైన సాయం మీరే చేయగలరు. తప్పు ఏ కమిట్‌లో పుట్టిందో సగం సగంగా వెతికే ‘గిట్ బైసెక్ట్’ వాడండి. బైసెక్ట్ మొదలుపెట్టి, కొత్త వెర్షన్‌ను ‘బ్యాడ్’ అని, పాతదాన్ని ‘గుడ్’ అని చెప్పండి. గిట్ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్న కమిట్‌ను మీ ముందు పెడుతుంది. బిల్డ్ చేసి, మీ సేవ్ ఫైలు తెరిచి, క్రాష్ అయితే బ్యాడ్, లేకపోతే గుడ్ అనండి. ప్రతిసారీ సగం కమిట్లు పక్కకు పోతాయి. మధ్యలో వెయ్యి కమిట్లున్నా సుమారు పది పరీక్షల్లో అసలు దోషి దొరుకుతుంది. బిల్డ్ కాని కమిట్ వస్తే ఊహించి చెప్పకండి, ‘స్కిప్’ అనండి. ఒక్క తప్పు జవాబు చాలు, వెతుకులాట వేరే దారి పడుతుంది.

ఎక్కడ తప్పు పుట్టిందో తెలిశాక డెవలపర్లు చూడాల్సింది ఆ కమిట్‌లోని కొన్ని లైన్లే. దొరికిన కమిట్ నంబరు, మీ సేవ్ ఫైలు, ఆపరేటింగ్ సిస్టమ్ వివరాలు కలిపి ఇష్యూ తెరవండి. ఆ కమిట్ చేసినవాళ్లను తప్పుపడుతున్నట్టు కాకుండా, ‘ఈ కమిట్ నుంచి ఇలా జరుగుతోంది’ అని మాత్రమే రాయండి. అంతా అయ్యాక ‘గిట్ బైసెక్ట్ రీసెట్’ కొడితే మీ ఫోల్డర్ మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.