ఆఫీసుకు రమ్మంటే ఉద్యోగులు ఎందుకు వ్యతిరేకిస్తున్నారు?

ఇంటి నుంచి పని ఆపి ఆఫీసుకు రమ్మంటే ఉద్యోగులు వ్యతిరేకించడానికి ప్రధాన కారణం బద్ధకం కాదు; జీతం పెరగకుండా ఖర్చు పెరగడం, కుదురుకున్న సంసారాన్ని కదిలించాల్సి రావడం. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత చాలామంది సొంత ఊళ్లకు చేరి, అక్కడే స్థిరపడ్డారు.

విజయవాడ పటమటలో తల్లిదండ్రులతో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి పనిచేసే ఉద్యోగినే తీసుకోండి. దూరం సుమారు 275 కిలోమీటర్లు, రోజూ వెళ్లి రావడం కుదరదు. అద్దె, అడ్వాన్సు, రెండో వంటింటి సరంజామా, చదువుల మధ్యలో పిల్లల బడి మార్పు, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి లేకపోవడం, ఇవన్నీ ఒక్క ఈమెయిల్‌తో మీద పడతాయి. చివరిదాన్ని ఏ అలవెన్సూ తీర్చలేదు.

‘వారానికి రెండు రోజులే కదా’ అనుకోవడం పొరపాటు. ఆ రెండు రోజులకైనా అక్కడ గది కావాలి, అద్దె మాత్రం నెలంతటికీ కట్టాలి. ఆఫీసు పక్కన ఉండేవారికి అది వెసులుబాటు, గుంటూరు నుంచి వెళ్లేవారికి కాదు.

నియామక పత్రంలో పనిచేసే చోటు హైదరాబాద్ అని ఉంటే, రమ్మనే హక్కు సాధారణంగా కంపెనీదే. కాబట్టి గట్టిగా అడగవలసింది గడువు, కనీసం పిల్లల వార్షిక పరీక్షలు అయ్యేవరకు.