ముక్కుకు ప్యాకేజీ, జేబుకు ఈఎంఐ

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం 42 వేలు. బండి మీద నుంచి పడి ముక్కు విరిగింది. వంకర సరిచేయడానికి ఐదు వారాల కిందట ఆపరేషన్ చేశారు, క్లెయిమ్ వచ్చింది. ముక్కు కొస ఇంకా వాచే ఉంది. ఒక స్కిన్ క్లినిక్‌లో పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లాస్మా ఇంజెక్షన్), లేజర్, ఫిల్లర్ (చర్మం కింద ఎక్కించే జెల్) కలిపి 96 వేల ప్యాకేజీ చెప్పారు. నెలకు 8 వేలు, 12 నెలలు, వడ్డీ లేదట. 1.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. నేను డాక్టర్ని కాను గానీ, కొస వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పడుతుందని సర్జన్లే చెబుతారు. ఐదో వారంలో అద్దం చూసుకుని 96 వేలు పెట్టడమంటే తడి ఆరని గోడకు రంగు వేయించడమే.

ముందు మీకు ఆపరేషన్ చేసిన సర్జన్‌నే కలవండి. టేప్ వేసుకోవడం, సెలైన్ స్ప్రే, ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ లాంటివి పెద్ద ఖర్చులు కావు. వాపు మొండికేస్తే చిన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది ఆయనే చూస్తారు. ఫిల్లర్ మాత్రం ఆయన సరేననకుండా వేయించుకోవద్దు. ఆపరేషన్ అయిన ముక్కులో రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. పైగా ఫిల్లర్ కరిగిపోతుంది, మళ్లీ డబ్బు పెట్టాలి.

వడ్డీ లేదన్నంత మాత్రాన అప్పు కాకుండా పోదు. సాధారణంగా ఫైనాన్స్ కంపెనీ మీ తరఫున క్లినిక్‌కు డబ్బు ముందే కట్టేస్తుంది. రెండో సిటింగ్‌కే మీరు మానేసినా ఈఎంఐలు ఆగవు, ముక్కు పిండి మరీ వసూలు చేస్తారు (మీతో ఈ మాట అనకూడదు గానీ). అందం కోసం చేసేవాటికి 18 శాతం జీఎస్టీ పడొచ్చు. అది 96 వేలలో లేకపోతే ఇంకో 17,280 రూపాయలు.

ఎఫ్‌డీ మూడు నెలల జీతం కూడా కాదు, దాన్ని కదపకండి. నెలకు 4 వేలు ఆర్‌డీ కట్టండి. ఏడాదికి 48 వేలు, పైన వడ్డీ. మళ్లీ సరిచేయాల్సి వచ్చినా సర్జన్లు మామూలుగా ఏడాది ఆగమనే అంటారు.

ఈలోగా పాలసీ తీసి చూడండి. డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చులు చాలా పాలసీల్లో ఇస్తారు, కొన్నింటిలో 90. సర్జన్ ఫీజు, ఆయన రాసిన మందుల బిల్లులు, చీటీలు జాగ్రత్త చేయండి. డిశ్చార్జ్ సమ్మరీలో ప్రమాదం వల్ల చేసిన ఆపరేషన్ అని ఉందో లేదో చూసుకోండి. కాస్మెటిక్ అని పొరపాటున పడి ఉంటే ఆసుపత్రిలో సరిచేయించండి, ఆ ఒక్క మాటతో ఈ ఖర్చుల క్లెయిమ్ తిప్పి పంపేస్తారు. 60 రోజుల పాలసీ అయితే మీకు మిగిలింది మూడు వారాల పైచిలుకే.