మాడ్యూల్ రాసే ముందు, అమ్మలూ

అమ్మలూ,

బడుల్లో పర్యావరణ పాఠాల మాడ్యూల్ రాసే బృందంలోకి నిన్ను తీసుకున్నారనీ, బళ్లు తెరిచాక టీచర్లకు ట్రైనింగ్ కూడా నువ్వే ఇస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. ఇలాంటి మంచి పనులు ఎక్కడ చెడిపోతాయో చూసినదాన్ని కదా. విసుక్కోకుండా చదువు.

సిలబస్ దగ్గర పెట్టుకో, హెచ్‌ఎంలతో ముందే మాట్లాడు, మండల విద్యాధికారి (ఎంఈఓ) అనుమతి లేకుండా దేనికీ బయల్దేరకు. ఇవి నీకు తెలిసినవే.

కొత్త పీరియడ్ మాత్రం అడగొద్దు. పర్యావరణం బడిలో చెప్పాలని, లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే అంది, 2003లో మళ్లీ గట్టిగా అంది. జాతీయ హరిత దళం పేరుతో ఎకో క్లబ్బులూ వచ్చాయి. ఆదేశాలకు కొదవ లేదు, టీచరుకే టైం లేదు. యాప్‌లో ఫోటోలు ఎక్కించలేక సతమతమవుతున్నవాళ్ల దగ్గరకు ఇంకో రిజిస్టరు పట్టుకెళ్తే, నువ్వు గేటు దాటగానే అది బీరువాలోకి పోతుంది. ఉన్న పాఠంలోనే దారి వెతుకు. శాతాలు చెప్పే లెక్కల టీచరు చేతికి బడి కరెంటు బిల్లు ఇవ్వు. సోషల్ టీచరుతో మన విశాఖలోని ముడసర్లోవ గురించి చెప్పించు. అక్కడ రిజర్వాయరు నీళ్ల మీదే సోలార్ పలకలు తేలుతున్నాయి, 2018లో పెట్టిన 2 మెగావాట్ల ప్లాంటు.

ఒక్క సంగతి మాత్రం విడమరిచి చెప్పాలి. ఇదే తప్పు నీ మాడ్యూల్లోనూ దొర్లుతుందేమోనని నా భయం.

చాలా ఏళ్ల కిందట నీటి పొదుపు మీద ఒక ట్రైనింగ్ జరిగింది. పైన అయిదు రోజులు చెప్పింది జిల్లాకు వచ్చేసరికి మూడు రోజులైంది, మండలానికి వచ్చేసరికి ఒక్క రోజైంది. అందులో సగం హాజరుకీ టీలకీ భోజనాలకీ పోయింది. చివరికి టీచరు చేతిలో మిగిలింది ఒక కాగితం: షవర్ వాడకండి, పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయండి, కారు పైపుతో కడగకండి. ఆ పాఠం ఎలా చెబుతున్నారో చూడమని నన్ను కొండవాలు కాలనీలో ఒక బడికి పంపారు. టీచరు కొత్తమ్మాయి, పాపం చాలా శ్రద్ధగా చెబుతోంది. నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి, "మాకు కొళాయి కింద రోడ్డు మీద ఉంది టీచర్. అమ్మ రెండు బిందెలు మోస్తాది, నేను చిన్న బిందె మోస్తాను. మేం ఏటి కట్టాలి?" అంది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగింది. టీచరు నా వైపు చూసి, కాగితం వైపు చూసి, తర్వాతి పాయింటు చదివేసింది. ఆ పిల్ల కూర్చుంది. పీరియడ్ అయ్యేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

ఆ తప్పు టీచరుది కాదు. ఆ బడిని చూడకుండా కాగితం రాసినవాళ్లది. బియ్యం కడిగిన నీళ్లు మొక్కకు పోసే ఇల్లు ఆ పిల్లది. పొదుపు ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది పోయి ఆమెకే నీతులు చెప్పాం. "మీ ఇంటికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని ఒక్క ప్రశ్న వేసుంటే ఆ క్లాసు ఎటో వెళ్లేది. బిందెకు ఎన్ని లీటర్లు పడతాయో సీసాతో కొలిచేవాళ్లు. ఇంట్లో ఎన్ని బిందెలు, ఎంతమంది, తలకు ఎన్ని లీటర్లు? నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని లెక్క. బోర్డు మీద ఆ అంకె పక్కన పిల్లలు తమ అంకె రాసుకుంటే, మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి రిజర్వాయర్ల నీళ్లు ఎవరికెంత అందుతున్నాయో వాళ్లే అడుగుతారు. లెక్కా, సోషలూ, సైన్సూ అన్నీ అందులోనే ఉన్నాయి.

నీకు గుర్తుందా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక కరెంటూ నీళ్లూ లేక రెండో అంతస్తుకు బకెట్లు మోశావు? మగ్గు నీళ్లు ఎక్కువ వాడానని నా మీదే అరిచావు. నీళ్ల విలువ నీకు ఎవరూ పాఠంగా చెప్పలేదమ్మా, నీ చేతులే చెప్పాయి. టీచర్లకూ అలాగే చెప్పు. స్లైడ్లు తగ్గించు. ట్రైనింగ్ రోజు మధ్యాహ్నం వాళ్లు తిని వదిలేసిన అన్నాన్ని వాళ్లతోనే కాటా మీద తూయించు. కారుతున్న కొళాయి కింద లీటరు సీసా పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడమను. చిన్న చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వరసగా బల్ల మీద పెట్టి ప్లాస్టిక్ మీద మాట్లాడావో, చెబుతున్నాను, నేనే వచ్చి తీయించేస్తాను. నెల తర్వాత ఆ బడులకు మళ్లీ వెళ్లు. చిక్కీ కవర్లు ఎక్కడ పడుతున్నాయో, గుడ్డు పెంకులు ఎరువు గుంతలోకి వెళ్తున్నాయో లేదో చూడు. తప్పులు పట్టడానికి కాదు, వాళ్లకెక్కడ అడ్డం పడిందో తెలుసుకోవడానికి.

పోర్టు పక్కనున్న వన్ టౌన్ బడుల్లో ఒక పని చేయించొచ్చు. తెల్ల అట్టముక్కకు వాజలీను రాసి కిటికీ దగ్గర రెండు రోజులు ఉంచితే దుమ్ము అంటుకుంటుంది. భూతద్దంతో చూస్తే నల్లరవ్వలు కనిపిస్తాయి. పోర్టులో దిగే బొగ్గు, ఓడలకెక్కే ఇనుప ఖనిజం మాట తప్పకుండా వస్తుంది, రానీ. కానీ ఆ క్లాసులోనే నాన్న పోర్టులో పనిచేసే పిల్లాడు ఉంటాడు. వాడి అన్నం అక్కణ్ణుంచే వస్తోంది. వాడు తలదించుకునే మాట ఏ టీచరూ అనకుండా చూడు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, కప్పి ఉంచడం ఎలాగో వాడి నాన్ననే పిలిచి అడగొచ్చు.

ఇక సముద్రం. బీచ్ క్లీనింగ్ అని పిల్లల్ని ఆర్కే బీచ్‌కో రుషికొండకో తీసుకెళ్లాలని అందరూ సరదా పడతారు. నాకు అదంటేనే గుండె దడ. మన తీరంలో అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది, ఈతగాళ్లకే కాలు నిలవదు. నువ్వు మాడ్యూల్లో పెద్ద అక్షరాలతో రాయి: తడి ఇసుక దాకా ఎవరూ వెళ్లకూడదు, పదిమంది పిల్లలకు ఒక టీచరు, తల్లిదండ్రుల సంతకం, చేతికి గ్లవ్స్, గాజుముక్కలూ సూదులూ పెద్దవాళ్లే తీయాలి, తిరుగు బస్సు ఎక్కాక తలలు లెక్కపెట్టాలి. ఇవి కుదరకపోతే బీచ్ మానెయ్. బడి వెనక కాలువ చాలు. ఈ విషయంలో నాతో వాదించకు.

డ్రాఫ్టు ప్రింటు తీసుకుని ఆదివారం రా. ముందు నాలుగో తరగతి పాఠం చూద్దాం.

పెద్దమ్మ