పని చేస్తేనే భృతి: ఫలితం ఉందా?

ప్రశ్న: బ్రిటన్‌లో నిరుద్యోగ భృతి పొందేవాళ్లతో నిర్బంధంగా పని చేయించారట. దానివల్ల ఉద్యోగాలొచ్చాయా?

జవాబు: పెద్దగా రాలేదు. 2011లో మొదలైన ఆ పథకంలో వారానికి 30 గంటల వరకు, 4 వారాలు పని. జీతం లేదు, భృతీ దారి ఖర్చులే. 2012 చివరి నుంచి, సరైన కారణం లేకుండా మానేస్తే మొదటిసారి 13 వారాలు భృతి కట్. పథకం నడిపిన ప్రభుత్వ శాఖ 2012లో వేసిన సొంత లెక్కలోనే, ఈ పనికి పంపినవాళ్లలో భృతి తీసుకునేవారి సంఖ్య కొన్నాళ్లు తగ్గి మళ్లీ మామూలైంది. ఉద్యోగాల్లో చేరినవారు మాత్రం పెరగలేదు. పెరగకపోవడంలో వింతేముంది? 30 గంటలు పనికే పోతే దరఖాస్తులకూ ఇంటర్వ్యూలకూ తీరికేది? నాలుగు వారాల్లో వచ్చే నైపుణ్యమెంత? 2016లో పథకం ఎత్తేశారు. మన ఉపాధి హామీతో దీన్ని కలపకండి. ఉపాధి హామీలో పని అడిగేది కూలీయే, చేసిన పనికి డబ్బులూ ఉంటాయి.