కొడుకా, గుడ్డు ఉడకబెట్టే తిను

కొడుకా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అన్నీ చెప్పింది. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి నల్లగొండకు వచ్చేస్తున్నావట. పానగల్ రోడ్డులో తీసుకున్న ఇంటి వెనక జాలీ కొట్టించి కోళ్లు పెంచుతావట. విని ఎంత సంతోషమైందో చెప్పలేను. మీ అమ్మమ్మ పోయినాక మన ఇళ్లలో కోడిని గంప కింద కమ్మినవాళ్లే లేరు. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లగాడు మళ్లీ ఆ పనికి పూనుకున్నాడంటే నాకు గర్వంగానే ఉంది.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటకే రాత్రంతా టెన్షన్ పట్టుకుంది. జిమ్ నుంచి రాగానే నాలుగు గుడ్లు పచ్చివే కొట్టుకుని తాగుతావట. ఏడో నెల కడుపుతో ఉన్న కోడలికి రోజూ పాలల్లో ఒకటి కలిపి ఇస్తావట. "అంగడి గుడ్డు కాదు పెద్దమ్మా, మన పెరటి కోడి గుడ్డు" అంటావని నాకు తెలుసు. ఫోన్‌లో అయితే నవ్వి మాట తిప్పేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

కోళ్ల పెంపకం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గుడ్లే కావాలంటే గ్రామప్రియ, మాంసం కూడా కావాలంటే వనరాజా తెచ్చుకో. రెండూ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైనవే. కొక్కెర తెగులు టీకాలు పశువుల దవాఖానలో అడిగి టైముకు వేయించు. పొద్దుగూకితే గూడు తలుపు వేయి, కుక్కలు, పిల్లులు ఊరుకోవు. అంతే. నా భయమంతా గుడ్డు దగ్గరే.

మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. తనకే యాదిలేదు, అప్పుడు రెండేండ్ల పిల్ల. నాకు పదేండ్లు. తట్టు పోసి తగ్గింది కానీ పిల్ల పుల్లలా అయిపోయింది. అన్నం పెడితే మొహం తిప్పుకునేది. అప్పట్లో బలమంటే ఊళ్లో అందరూ చెప్పే మాట ఒకటే, నాటు గుడ్డు పచ్చిది పాలల్లో కొట్టి పట్టమని. అమ్మమ్మ దగ్గర గుడ్లున్నాయి. కోడిని పొదుగుకు కూర్చోబెడదామని కుండలో ఊక పోసి దాచినవి. వైశాఖ మాసం ఎండలు, దేవరకొండ దిక్కు రేకుల ఇల్లు. ఆ వేడిలో అవి ఎన్ని రోజులు ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పగలగొడితే వాసన లేదు, పచ్చసొన ముద్దగా నిలబడింది. "ఎంత మంచిగుందో చూడవే" అని నాకు చూపించి, బెల్లం వేసి గిలక్కొట్టి, మీ అమ్మను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పట్టింది. ఇలా రెండు మూడు రోజులు పట్టింది.

ఆ తర్వాత ఒక రాత్రి పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం. తెల్లవారేసరికి విరేచనాలు, వాటిలో రక్తపు జీర. కళ్లు లోపలికి పోయాయి. ఏడుద్దామంటే గొంతు లేదు. తాతయ్య పక్కింటి ఎడ్లబండి కట్టించాడు. రోడ్డుదాకా బండి మీద, అక్కడినుంచి బస్సులో సర్కారు దవాఖానకు. నరం దొరకక ఆ సన్నని చేతులకు ఎన్నిచోట్ల సూది గుచ్చారో, బయట వరండాలో నిలబడి నేను చూశాను. గ్లూకోజు ఎక్కిస్తే ప్రాణం నిలబడింది. వారానికి గానీ లేచి కూర్చోలేదు.

గుడ్డు వల్లేనని ఏ డాక్టరూ పరీక్ష చేసి చెప్పలేదు. అప్పట్లో అంత అడిగేవాళ్లూ లేరు. ఎవరిదో దిష్టి తగిలిందని అమ్మమ్మ ఎర్రనీళ్లు తీసింది. చాలా ఏండ్ల తర్వాత అంగన్‌వాడీలో పని చేస్తూ, ట్రైనింగ్‌లో ఈ జబ్బు సంగతి విన్నప్పుడు ఆ కుండ, ఆ ఉగ్గుగిన్నె నా కళ్ల ముందుకొచ్చాయి. అమ్మమ్మను నేను తప్పుబట్టను. తను తినకుండా దాచిన గుడ్డు బిడ్డకు పెట్టింది. అంత ప్రేమతో పెట్టినా హాని జరుగుతుందని ఆమెకు చెప్పేవాళ్లే లేరు. నీకు చెప్పడానికి నేనున్నాను.

ఆ క్రిమి పేరు సాల్మొనెల్లా. కోడి పేగుల్లో ఉంటుంది. కోడికి ఏ జబ్బూ కనిపించదు, గింజలు తింటుంది, కూస్తుంది, గుడ్డు పెడుతుంది. రెట్ట ద్వారా పెంకుకు అంటడం ఒక దారి. రెండోది నన్ను ఎక్కువ భయపెట్టేది. కోడి గుడ్డుసంచికే క్రిమి పడితే, పెంకు తయారు కాకముందే అది గుడ్డు లోపల చేరుతుంది. అలాంటి గుడ్డును ఎంత కడిగినా లాభం లేదు. రంగు, రుచి, వాసన దేనిలోనూ తేడా ఉండదు. నీళ్లలో వేస్తే తేలిందా మునిగిందా అని చూస్తాం కదా, దాంతో గుడ్డు పాతదో కొత్తదో తెలుస్తుంది, అంతవరకే.

ప్రతి గుడ్డులో ఇది ఉంటుందని నేను అనను. చాలా గుడ్లలో ఉండదు. నువ్వు గట్టి మనిషివి, వచ్చినా నాలుగు నుంచి ఏడు రోజులు కడుపునొప్పి, జ్వరం, విరేచనాలతో పోవచ్చు. కానీ నీ ఇంట్లో ఉండేది నువ్వొక్కడివే కాదు. గర్భిణులకు, ఐదేండ్లలోపు పిల్లలకు, పెద్దవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇది ముదిరే ప్రమాదం ఎక్కువ. కోడలు ఏడో నెల. మీ అమ్మకు షుగర్. రేపు పసిబిడ్డ. ఈ ముగ్గురూ ఉన్న ఇంట్లో పచ్చి గుడ్డు గ్లాసులు తిరగడం నాకు ఇష్టం లేదు.

బ్రిటన్‌లో గర్భిణులు కూడా తింటారని వీడియో చూపిస్తావేమో. నిజమే. 2017 నుంచి అక్కడ లయన్ ముద్ర ఉన్న గుడ్లను పచ్చివైనా తినొచ్చని వాళ్ల ఆహార సంస్థ చెబుతోంది. ఆ ముద్ర వేయాలంటే కోళ్లకు సాల్మొనెల్లా టీకాలు వేసి, పరీక్షలు చేసి, ఏ గుడ్డు ఏ ఫారంలోదో లెక్క రాస్తారు. ముద్ర లేని పెరటి గుడ్లకు అక్కడ కూడా ఆ మాట వర్తించదు. మనం వేయించే కొక్కెర తెగులు టీకా వేరే జబ్బుకు, సాల్మొనెల్లాను అది ఆపదు. ఇక మన దగ్గర సంగతి చూడు. ఫుడ్ పాయిజన్ ఫిర్యాదులు వచ్చి, 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. ఇంట్లో ఆ మయోనైజ్ కూడా చేయొద్దు.

పచ్చిగా తాగితేనే కండ పడుతుందన్న మాట నీ జిమ్‌లో ఎవరు చెప్పారో గానీ, అది తప్పు. ఉడికిన గుడ్డు ప్రోటీన్‌లో నూటికి తొంభై వంతులు ఒంటికి పడితే, పచ్చి గుడ్డుది యాభై వంతులే పడుతుందని పరిశోధనలో తేలింది. నాలుగు పచ్చి గుడ్లు తాగి రెండు గుడ్ల బలం తీసుకోవడం ఎందుకు? తొందరైతే రాత్రే ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో. నీళ్లు మరిగాక పది పన్నెండు నిమిషాలు, తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి. హాఫ్ ఫ్రై కూడా కోడలికి వద్దు. వేడి పాలల్లో కలిపాను కదా అంటే ఒప్పుకోను. గ్లాసులో పోసిన పాల వేడికి గుడ్డు ఉడకదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం భోజనంలో మేము గర్భిణులకు 200 మిల్లీలీటర్ల పాలూ ఇచ్చేవాళ్లం, గుడ్డూ ఇచ్చేవాళ్లం. గుడ్డు ఉడికినదే. అడిగి మరీ ఎదురుగా తినిపించేదాన్ని, ఇంటికి తీసుకుపోతే ఆమె తినదని.

గుడ్లను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీసెయ్యి. నల్లగొండ ఎండ నలభై నాలుగు దాటుతుంది, ఆ వేడిలో క్రిమి చాలా తొందరగా పెరుగుతుంది. గూటిలో గడ్డి పొడిగా ఉంచు, రెట్ట అంటదు. పగిలినవి పారేయి. గుడ్డు పెట్టినప్పుడే పెంకు మీద సన్నని పొర ఉంటుంది, చన్నీళ్లతో కడిగితే అది పోయి మురికి రంధ్రాల గుండా లోపలికి పోతుంది. కాబట్టి మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిచి ఫ్రిజ్‌లో వేరే డబ్బాలో పెట్టు. గూటిలో తిరిగిన చెప్పులు వంటింట్లోకి రానీయకు. కోడిని ముట్టినా, గుడ్డును ముట్టినా సబ్బుతో చేతులు కడగాలి. గూడు ఊడ్చే పని కోడలికి మాత్రం అస్సలు చెప్పకు, నువ్వే చెయ్యి.

గట్టిగా రాశానని కోపం తెచ్చుకోకు నాయనా. పుట్టబోయే బిడ్డ కోడిపిల్లల వెంట పరిగెత్తుతుంటే చూడాలని నీకంటే నాకే ఎక్కువ ఆశ. ఈ పాటికే ఎప్పుడైనా పచ్చి గుడ్డు ఇచ్చి ఉంటే, కోడలికి జ్వరంగానీ విరేచనాలుగానీ పట్టాయేమో కనిపెట్టు. తిన్న ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు బయటపడుతుంది. కనిపిస్తే మెడికల్ షాపు మాత్రలతో కాలం గడపకుండా అదే రోజు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి గుడ్డు సంగతి దాచకుండా చెప్పు. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి, కోడలితో కూడా మాట్లాడతా.

మీ పెద్దమ్మ